మూడు పురపాలక సంఘాలు, చుట్టుపక్కల పంచాయతీలు కలిసి వీధికుక్కల సంతాన నియంత్రణ కేంద్రాన్ని ఉమ్మడిగా నడపడం సాధ్యమేనా?

ప్రశ్న: డెల్టా కౌన్సిలర్

నమస్కారం. నేను కృష్ణా డెల్టాలోని ఒక చిన్న పురపాలక సంఘంలో వార్డు కౌన్సిలరును. మా ఇరుగుపొరుగున మా అంతే ఉన్న పట్టణాలు ఇంకో రెండు ఉన్నాయి. పేరుకు మూడు వేర్వేరు పట్టణాలే గానీ, ఒక ఊరి చివరి ఇల్లు దాటితే గ్రామ పంచాయతీ, ఆ పంచాయతీ దాటితే రెండో పట్టణం మొదలవుతాయి. మధ్యలో ఉన్నవి కాలువ గట్టు, చేపల చెరువులు, కోళ్ల దుకాణాలవాళ్లు వ్యర్థాలు పారబోసే గుంతలు మాత్రమే. వీధికుక్కలు ఎక్కువగా తిరిగేది సరిగ్గా ఆ మధ్య భాగంలోనే.

ప్రస్తుతం మూడు పురపాలక సంఘాలూ కుక్కల సంతాన నియంత్రణ ఆపరేషన్లకు వేటికవే టెండర్లు పిలుస్తున్నాయి. ఒక్కో ఊరి పని చిన్నది కావడంతో, జంతు సంక్షేమ బోర్డు గుర్తింపు ఉన్న సంస్థలు చాలావరకు ముందుకు రావు. వచ్చిన సంస్థ కూడా తాత్కాలికంగా షెడ్డు వేసుకుని, బడ్జెట్టులో కేటాయించినంత మేరకు ఆపరేషన్లు చేసి వెళ్లిపోతుంది. ఏడాది తిరిగేసరికి వీధుల్లో మళ్లీ చెవి కత్తిరింపు (ఆపరేషన్ అయిందనడానికి పెట్టే గుర్తు) లేని కుక్కలే ఎక్కువగా కనిపిస్తాయి. పక్క ఊరివాళ్లు తమ కుక్కలను రాత్రిపూట తెచ్చి మా పొలిమేరలో వదిలేస్తున్నారని మా వార్డు ప్రజలు నమ్ముతున్నారు. మా గురించి వాళ్లూ అదే నమ్ముతున్నారు.

దీనికి తోడు 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం పాఠశాలలు, ఆసుపత్రులు, బస్‌స్టాండ్లు, రైల్వేస్టేషన్ల వంటి చోట్ల పట్టిన కుక్కలను ఆపరేషన్, టీకా అయ్యాక తిరిగి అక్కడే వదలకూడదు, ఆశ్రయ కేంద్రాలకు తరలించాలి. మామూలు వీధుల్లో పట్టిన కుక్కలను మాత్రం, పిచ్చి పట్టినవి, దూకుడుగా ఉన్నవి తప్ప, పట్టిన చోటే వదలాలని అంతకుముందు ఆగస్టు 22న అదే న్యాయస్థానం చెప్పింది. ఇప్పుడు మా వంటి చిన్న పురపాలక సంఘం ఆపరేషన్లకు ఒక కేంద్రం, శాశ్వత ఆశ్రయానికి ఇంకో స్థలం సమకూర్చుకోవాలి. ఆ స్తోమత మాకు విడిగా లేదు.

అందువల్ల మూడు పట్టణాలు, మధ్యలోని పంచాయతీలు కలిసి ఒకే కేంద్రం పెట్టుకుంటే బాగుంటుందని కౌన్సిల్లో ప్రతిపాదించాలనుకుంటున్నాను. ఇలా కలిసి నడపడానికి నిబంధనలు ఒప్పుకుంటాయా, ఖర్చును ఏ లెక్కన పంచుకోవాలి, కొంతకాలానికి ఒక ఊరు తప్పుకుంటే మిగిలినవాళ్ల గతి ఏమిటి అన్న విషయాలు నాకు స్పష్టంగా తెలియాలి. ఇతర రాష్ట్రాల్లో గానీ, విదేశాల్లో గానీ ఇలాంటి ఏర్పాటును దగ్గరగా గమనించినవారు చెబితే మరింత మేలు.


జవాబు: విశ్రాంత పశువైద్యుడు

కౌన్సిలరు గారికి నమస్కారం. నేను పశుసంవర్ధక శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసిన వైద్యుణ్ని. చట్టం సంగతి ముందు చెబుతాను. కేంద్ర ప్రభుత్వం 2023 మార్చి 10న ప్రకటించిన జంతు సంతాన నియంత్రణ నిబంధనలు 2001 నాటి పాత నిబంధనల స్థానంలో వచ్చాయి. వీటి ప్రకారం వీధికుక్కల ఆపరేషన్లూ రేబిస్ టీకాలూ స్థానిక సంస్థ బాధ్యత. అది పురపాలక సంఘమైనా, గ్రామ పంచాయతీ అయినా ఒకటే. ఆ పని చేపట్టేవారికి భారత జంతు సంక్షేమ బోర్డు గుర్తింపు తప్పనిసరి. రాజ్యాంగం పన్నెండో షెడ్యూలులో కూడా బందెలదొడ్లు, జంతువుల పట్ల క్రూరత్వ నివారణ పురపాలక సంఘాల పనులుగా చేరి ఉన్నాయి. కేంద్రాన్ని పదిమంది కలిసి నడిపినా, మీ ఊరి కుక్కలకు జవాబుదారీగా నిలవవలసింది మీ కౌన్సిలే. ఈ మాట ఒప్పందంలో మొదటి వాక్యంగా రాసుకోండి.

గుర్తింపు విషయాన్ని తేలికగా తీసుకోవద్దు. కేరళలో కుటుంబశ్రీ మహిళా సంఘాలు చాలా జిల్లాల్లో ఈ ఆపరేషన్ల కార్యక్రమాన్ని చేపట్టి నడిపాయి. జంతు సంక్షేమ బోర్డు గుర్తింపు లేదన్న కారణంతో 2021 డిసెంబరులో అక్కడి హైకోర్టు వాటిని ఆపివేయించింది. పనిచేసే యంత్రాంగం చేతిలో ఉండి కూడా, కాగితం లేక కార్యక్రమం కుంటుపడింది. మీరు మూడు పట్టణాలకు ఒకే కేంద్రం పెడితే అది ఆగిన రోజున మూడు ఊళ్లలోనూ పని ఆగుతుంది కాబట్టి మీ జాగ్రత్త ఇంకా ఎక్కువగా ఉండాలి.

ఇక అసలు విషయానికి వస్తాను. ఆపరేషన్ చేసే వైద్యుడు దొరకకపోవడమే కష్టమని చాలామంది అనుకుంటారు. అనుభవం ఉన్న వైద్యుడు ఒక రోజులో చేయగలిగిన ఆపరేషన్ల కంటే, కుక్కలను ఉంచడానికి ఆ రోజు ఖాళీగా ఉన్న గూళ్ల సంఖ్యే ఎప్పుడూ తక్కువగా ఉంటుంది. ఉదాహరణకు నలభై గూళ్లు ఉండి, పట్టిన రోజు నుంచి కుట్లు మానే వరకు ఒక్కో కుక్క ఐదు రోజులు ఉంటుందనుకుంటే, రోజుకు ఎనిమిదికి మించి కొత్త కుక్కలను తీసుకురాలేము. అలాంటప్పుడు ఒక చిన్న ఊరు సొంతంగా నలభై గూళ్లు కట్టుకుంటే ఏడాదిలో కొద్ది నెలలు పని ఉండి, మిగిలిన నెలలు వైద్యుడికి, పట్టేవాళ్లకు, బండికి ఊరికే జీతభత్యాలు చెల్లించాలి. మూడు ఊళ్లు కలిస్తే అదే బృందానికి ఏడాది పొడవునా చేతినిండా పని ఉంటుంది. పని ఏడాదంతా ఉంటుందంటేనే మంచి సంస్థ టెండరుకు వస్తుంది. పట్టేవాళ్లలో నైపుణ్యం నిలుస్తుంది. వల వేయడం తెలిసినవాడు ఏటా మారిపోతూ ఉంటే ఎంత మంచి శస్త్రచికిత్స గది ఉన్నా ప్రయోజనం లేదు.

అయితే ఉమ్మడి కేంద్రానికి తనదైన ప్రమాదం ఒకటి ఉంది. మూడు ఊళ్ల కుక్కలను ఒకే షెడ్డులో కలిపి ఉంచితే పార్వో, డిస్టెంపర్ వంటి అంటురోగాలు ఒక ఊరి కుక్కల నుంచి ఇంకో ఊరి కుక్కలకు సోకుతాయి. అవి తిరిగి వెళ్లి ఆ రోగాన్ని తమ వీధుల్లో వ్యాపింపజేస్తాయి. పట్టిన ప్రాంతాన్ని బట్టి గూళ్లను వేరుగా కేటాయించడం, ఒక ఊరి కుక్కలు వెళ్లాక గూడు కడిగి ఆరబెట్టి, ఆ తరువాతే ఇంకో ఊరి కుక్కలను తేవడం ఖర్చుతో కూడిన పనులైనా మానకూడదు. పట్టిన ప్రతి కుక్కకూ ఆ చోటు ఫొటో, పట్టీ సంఖ్య రాసిపెట్టుకుంటే, వదిలేటప్పుడు పక్క ఊరి పొలిమేరలో వదిలారన్న ఆరోపణకు కాగితం మీదే జవాబు చెప్పవచ్చు.

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది పని వరస. నెలకు మా ఊరికి ఇన్ని, మీ ఊరికి ఇన్ని అని సమానంగా పంచుకోవాలని ప్రతి కౌన్సిలూ కోరుకుంటుంది. అలా పంచితే ఎక్కడా పని పూర్తికాదు. ఒక ప్రాంతంలోని కుక్కల్లో కనీసం నూటికి డెబ్బై వరకు తక్కువ కాలంలో ఆపరేషన్లు జరగకపోతే, మిగిలిన ఆడకుక్కలు ఏడాదికి ఒకటి రెండు ఈతలతో ఆ ఖాళీని నింపేస్తాయి. కాబట్టి మీరు చెప్పిన ఆ మధ్య భాగాన్ని, అది ఎవరి హద్దులో ఉన్నా సరే, ముందు పూర్తిచేసి, అక్కడి నుంచి పట్టణాల లోపలికి రావాలి. మొదటి ఏడాది తన వార్డులకు బండి రాకపోయినా ఓపిక పట్టడానికి ప్రతి కౌన్సిలూ ముందుగానే ఒప్పుకోవాలి. ఆ అంగీకారం కుదరకుండా కట్టడం జోలికి వెళ్లకండి.


జవాబు: రెడ్‌మండ్ నివాసి

కౌన్సిలరు గారూ, ఖర్చు పంపకం గురించి మీరు అడిగిన ప్రశ్నకు మేముంటున్న ప్రాంతం అనుభవం పనికివస్తుందని రాస్తున్నాను. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని కింగ్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా వంటిది) సియాటిల్ నగరానికి సొంత జంతు ఆశ్రయ కేంద్రం ఉంది. కానీ తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే రెడ్‌మండ్, బెల్‌వ్యూ, సమామిష్ సహా పాతిక వరకు చిన్న నగరాలు విడివిడిగా కేంద్రాలు పెట్టుకోకుండా కౌంటీ నడిపే ఉమ్మడి సేవను వాడుకుంటున్నాయి. ఈ ఏర్పాటు ఇప్పటి రూపంలో 2010 జులై 1న మొదలైంది.

అంతకుముందు ఉన్న పద్ధతి ఎందుకు విఫలమైందో తెలిస్తే మీకు ఉపయోగం. 1980ల నుంచి కౌంటీయే నగరాలకు జంతు నియంత్రణ సేవలు అందిస్తూ, బదులుగా పెంపుడు జంతువుల లైసెన్సు రుసుములు తానే ఉంచుకునేది. నగరాలు విడిగా ఏమీ చెల్లించేవి కావు. రుసుముల ఆదాయం ఖర్చుకు చాలకపోవడంతో లోటును ఏటా కౌంటీ తన సాధారణ నిధుల నుంచి పూడుస్తూ వచ్చింది. ఆశ్రయ కేంద్రంలో జంతువుల సంరక్షణ బాగాలేదని తీవ్రమైన విమర్శలూ వచ్చాయి. ఎవరి వాటా ఎంతో ఎవరికీ తెలియని ఏర్పాటులో డబ్బు తగ్గినప్పుడు మొదట దెబ్బతినేది జంతువుల సంరక్షణే. చివరకు కౌంటీ ఆ పాత ఒప్పందాలను ముగించి, నగరాలతో కూర్చుని కొత్త ఒప్పందం రాసుకుంది.

ఆ ఒప్పందంలో నాకు నచ్చిన విషయం ఏమిటంటే, ఖర్చును ఒకే మొత్తంగా చూడకుండా మూడు భాగాలు చేశారు: వీధుల్లో తిరిగి ఫిర్యాదులకు స్పందించే అధికారుల ఖర్చు, ఆశ్రయ కేంద్రం ఖర్చు, లైసెన్సుల నిర్వహణ ఖర్చు. మొదటిదానికి ఆ నగరం నుంచి వచ్చిన ఫిర్యాదులు, రెండోదానికి అక్కడి నుంచి కేంద్రానికి చేరిన జంతువులు, మూడోదానికి జారీ అయిన లైసెన్సులు కొలమానాలు. ఒక నగరం ప్రజలు కట్టిన లైసెన్సు రుసుమును ఆ నగరం బిల్లులోనే తగ్గిస్తారు కాబట్టి, లైసెన్సులు కట్టించడంలో ప్రతి నగరానికీ సొంత ప్రయోజనం ఉంటుంది.

కష్టమంతా జనాభాకు ఎంత విలువ ఇవ్వాలి, వాడకానికి ఎంత ఇవ్వాలి అన్న దగ్గర వచ్చింది. మొదట సగం జనాభా లెక్కన, సగం వాడకం లెక్కన వేశారు. జనాభా ఎక్కువగా ఉండి, కేంద్రాన్ని తక్కువగా వాడుకునే నగరాలకు ఇది అన్యాయంగా తోచింది. 2013 నుంచి అమలైన ఒప్పందంలో జనాభా వాటా 20 శాతానికి తగ్గి, వాడకం వాటా 80 శాతానికి పెరిగింది. అలా మారిస్తే, జంతువుల సమస్య ఎక్కువగా ఉండి ఆదాయం తక్కువగా ఉండే దక్షిణ భాగపు నగరాలపై భారం పడుతుంది. వాటికి ఊరటగా కౌంటీ తన నిధుల నుంచి కొంత మినహాయింపు ఇచ్చింది. అయినా అందరూ నిలవలేదు. ఆబర్న్ నగరం అదే సమయంలో బయటకు వచ్చి స్థానిక సంస్థతో సొంత ఆశ్రయ కేంద్రం ఏర్పాటు చేసుకుంది.

దూరం కూడా చిన్న విషయం కాదు. ప్రధాన కేంద్రం కౌంటీ దక్షిణాన కెంట్‌లో ఉంది. ఉత్తరం వైపు కొన్ని నగరాలకు అది దూరమవుతుందని, పట్టిన జంతువులను పక్క కౌంటీలోని లిన్‌వుడ్‌లో ఉన్న ఒక స్వచ్ఛంద సంస్థ కేంద్రానికి పంపే ఏర్పాటు చేసుకున్నారు. ఉమ్మడి సేవ ఉండాలంటే కట్టడం ఒక్కటే ఉండాలన్న నియమం లేదు.

మీ పరిస్థితి మాకంటే భిన్నమైనది. ఇక్కడ కేంద్రానికి వచ్చేవి ఎక్కువగా తప్పిపోయినవీ యజమానులు వదులుకున్నవీ. మీ పని వీధిలో పుట్టి పెరిగే కుక్కలతో. అందువల్ల వాడకం లెక్కను యథాతథంగా తీసుకోవద్దని నా సలహా. ఎన్ని కుక్కలను పంపితే అంత బిల్లు పడుతుందంటే, డబ్బు లేని పట్టణం కుక్కలను పంపడం మానేస్తుంది. ఆ నష్టం పక్క ఊరికి కూడా తగులుతుంది. వైద్యుడి జీతం, కరెంటు, కాపలా వంటి స్థిరమైన ఖర్చును జనాభా లెక్కన ముందే వసూలు చేసుకుని, మందులు, తిండి వంటి మారే ఖర్చును మాత్రమే కుక్కల సంఖ్యను బట్టి పంచుకుంటే మేలు. రేబిస్ టీకాల ఖర్చును మాత్రం కుక్కల సంఖ్యతో ముడిపెట్టనే వద్దు.


ప్రశ్న వేసినవారి స్పందన: డెల్టా కౌన్సిలర్

ఇద్దరికీ కృతజ్ఞతలు. పని వరస గురించి డాక్టరు గారు చెప్పినది నేను ఆలోచించని విషయం. మా కౌన్సిల్లో దాన్ని ఒప్పించడమే అన్నిటికంటే కష్టమవుతుందని కూడా అర్థమైంది. ఖర్చును స్థిరమైనది, మారేది అని విడదీయడం మా అకౌంట్స్ విభాగానికి కూడా సులభంగా అర్థమవుతుంది.

ఒక్క సందేహం. మధ్యలోని పంచాయతీలకు ఆదాయం చాలా తక్కువ. వాటిని కూడా వాటా కట్టమనడం న్యాయమేనా? కేంద్రానికి సరిపోయే స్థలం కూడా ఒక పంచాయతీ పరిధిలోనే కనిపిస్తోంది.


జవాబు: పంచాయతీ కార్యదర్శి

కౌన్సిలరు గారూ, మీ చివరి వాక్యం చదివాకే ఈ జవాబు రాయాలనిపించింది. పట్టణాలకు ఏ సౌకర్యం కావాలన్నా స్థలం పంచాయతీలో కనిపిస్తుంది: చెత్త పడేసే యార్డు అయినా, మురుగునీటి చెరువు అయినా, ఇప్పుడు కుక్కల కేంద్రం అయినా. నేను ఉమ్మడి కేంద్రానికి వ్యతిరేకిని కాను. కానీ గ్రామసభలో ఈ విషయం వచ్చినప్పుడు ప్రజలు వేసే ప్రశ్నలకు పట్టణాలు ముందుగానే జవాబులు సిద్ధం చేసుకోకపోతే, స్థలం చూపించిన రోజే ధర్నా మొదలవుతుంది. కేరళలో జిల్లా పంచాయతీలు, గ్రామ పంచాయతీలు, పురపాలక సంఘాలు డబ్బు కలిపి ఇలాంటి కేంద్రాలు పెట్టడానికి చాలా ప్రయత్నించాయి. వాటిలో అనేకం డబ్బు లేక కాకుండా, స్థానికులు ఒప్పుకోకపోవడం వల్ల ఆగిపోయాయి.

ప్రజల భయం అర్థం లేనిది కాదు. మూడు పట్టణాల కుక్కలను మా ఊరికి తెచ్చి, కొన్నిటిని ఇక్కడే వదిలేస్తారని భయపడతారు. కడిగిన నీళ్లు ఏ కాలువలో కలుస్తాయి, చనిపోయినవాటిని ఎక్కడ పూడుస్తారు, రాత్రంతా మొరుగుళ్లను ఎలా భరించాలి అని అడుగుతారు. డాక్టరు గారు చెప్పిన పట్టీ సంఖ్య, ఫొటో రికార్డు పట్టణ కార్యాలయంలో ఉంటే మాకేం ఉపయోగం? మా పంచాయతీ కార్యాలయంలో ఎవరు అడిగినా చూపించేలా ఉండాలి. కేంద్రం ఉన్న గ్రామంలోని కుక్కలన్నిటికీ మొట్టమొదట ఆపరేషన్లు, టీకాలు పూర్తిచేయాలి. గ్రామసభలో ఇది చెబితే నమ్ముతారు, ఎందుకంటే కళ్లకు కనిపిస్తుంది.

వాటా సంగతి. ఉమ్మడి నిర్వహణ ఎలా ఉంటుందో మాకు సమగ్ర రక్షిత మంచినీటి పథకాలతో బాగా తెలుసు. ఒక చెరువు, ఒక ఫిల్టరు, దాని మీద ఎన్నో గ్రామాలు. కట్టడానికి నిధులు వచ్చాయి. నడపడానికి కరెంటు బిల్లు ఎవరు కట్టాలన్న దగ్గర పేచీ మొదలైంది. పైపులైను చివరన ఉన్న గ్రామం నీళ్లే రావడం లేదు, వాటా ఎందుకు కట్టాలంటుంది. మీ కుక్కల కేంద్రంలో కూడా బండి ఆఖరున వచ్చే ఊరు అదే మాట అంటుంది. కాబట్టి చిన్న పంచాయతీలను నగదు అడగకండి. స్థలం ఇచ్చిన పంచాయతీ స్థలాన్నే వాటాగా లెక్కకట్టండి. మిగిలినవాటికి టీకాల రోజున మనుషులను సమకూర్చడం, కుక్కల లెక్క రాయడం వంటి పనులు అప్పగించండి. తమ వీధిలో ఏ కుక్క ఎక్కడ పడుకుంటుందో మా పారిశుధ్య కార్మికులకు తెలిసినట్టు ఏ సంస్థకూ తెలియదు.

ఇంకొక మాట చెప్పక తప్పదు. మా పొలిమేర గుంతల్లో పడే కోళ్ల వ్యర్థాలు మా గ్రామంలోని దుకాణాలవి కావు, పట్టణాలవి. ఆ తిండి అక్కడ పడుతున్నంతకాలం మీరు ఎన్ని ఆపరేషన్లు చేసినా కుక్కలు అక్కడికి చేరుతూనే ఉంటాయి. మూడు పురపాలక సంఘాలు కలిసి ముందుగా ఉమ్మడిగా చేయవలసిన పని ఏదైనా ఉంటే, కోళ్ల దుకాణాల వ్యర్థాలను రోజూ సేకరించి శుద్ధి చేసేచోటికి పంపే ఏర్పాటు. గుంటూరు దగ్గర చెత్త నుంచి విద్యుత్తు తీసే కర్మాగారానికి విజయవాడ, గుంటూరులతో పాటు చుట్టుపక్కల పురపాలక సంఘాల చెత్త కూడా చేరుతున్నప్పుడు, ఈ మాత్రం పని అసాధ్యం కాదు.


జవాబు: మౌంటెన్ వ్యూ నుంచి

ఒక ఊరు తప్పుకుంటే ఏమవుతుందని కౌన్సిలరు గారు అడిగారు. నేను కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూలో ఉంటాను. తప్పుకున్న ఊరు మాదే కాబట్టి చెబుతున్నాను.

మా నగరం, పక్కనున్న లాస్ ఆల్టోస్, లాస్ ఆల్టోస్ హిల్స్ 1990ల నుంచి జంతు సేవల కోసం పాలో ఆల్టో నగరంతో ఒప్పందంలో ఉండేవి. ఆశ్రయ కేంద్రం, సిబ్బంది పాలో ఆల్టోవి. మిగిలిన నగరాలు ఏటా రుసుము చెల్లించేవి. మా నగర పాలకమండలి 2011లో ఆ ఒప్పందం నుంచి బయటకు రావాలని నిర్ణయించింది. ఆ మరుసటి ఏడాది శాంటా క్లారా కేంద్రంగా నడిచే సిలికాన్ వ్యాలీ యానిమల్ కంట్రోల్ అథారిటీలో చేరింది. మా వైపు నుంచి చూస్తే అది సరైన నిర్ణయమే కావచ్చు. కానీ పాలో ఆల్టోకు ఏటా నాలుగు లక్షల డాలర్లకు పైగా ఆదాయం ఒక్కసారిగా పోయింది. కేంద్రం పాతదే, సిబ్బంది వాళ్లే, ఖర్చు మాత్రం తగ్గలేదు. ఆ నగరం తన కేంద్రాన్ని మూసివేసి సేవలను బయటివాళ్లకు అప్పగించాలా అన్న చర్చ వరకు వెళ్లింది. నగరవాసులు గట్టిగా వ్యతిరేకించడంతో అప్పటికి సిబ్బందిని తగ్గించి కొనసాగించారు. కొన్నేళ్ల తరువాత, 2019లో, ఆశ్రయ కేంద్రం నిర్వహణ ఒక స్వచ్ఛంద సంస్థ చేతికి వెళ్లింది.

మేము చేరిన సంస్థ కథ కూడా తెలుసుకోదగినది. చాలా ఏళ్ల పాటు ఈ ప్రాంతపు నగరాలకు ఒక స్వచ్ఛంద సంస్థ జంతు నియంత్రణ సేవలు అందించేది. ఇక చేయలేమని అది చెప్పినప్పుడు, కొన్ని నగరాలు కలిసి 2000లో ఈ అథారిటీని ఏర్పాటు చేసుకున్నాయి. సభ్య నగరాల పాలకమండళ్ల ప్రతినిధులే దాని బోర్డు సభ్యులు. అది ఏ ఒక్క నగరానిదీ కాదు. దానికి సొంత ఉద్యోగులు, సొంత బడ్జెట్టు ఉంటాయి.

ఈ రెండింటి మధ్య తేడాయే మీకు ముఖ్యం. ఒక పట్టణం సొంతంగా కేంద్రం కట్టి మిగిలినవాటి దగ్గర రుసుము తీసుకుంటే, కట్టిన పట్టణమే నష్టభయాన్ని ఒంటరిగా మోస్తుంది. రుసుము కట్టేవాళ్లకు నిర్ణయాల్లో మాట ఉండదు కాబట్టి వాళ్లు ఎప్పుడైనా వెళ్లిపోవచ్చు. అందరికీ మాట, అందరికీ బాధ్యత ఉండే ప్రత్యేక సంస్థ అయితే వెళ్లిపోవడం కష్టం, వెళ్లినా లెక్క తేల్చుకునే వెళ్లాలి. మీ దగ్గర అలాంటి సంస్థకు ప్రభుత్వ అనుమతులు ఎలా ఉంటాయో అధికారులను అడగవలసిందే. ఏ రూపంలో పెట్టుకున్నా, తప్పుకోదలచిన ఊరు కనీసం ఒక పూర్తి ఆర్థిక సంవత్సరం ముందు తెలియజేయాలని, అప్పటివరకు తన స్థిర ఖర్చు వాటా కట్టాలని, కట్టడంలో పెట్టిన డబ్బును వెనక్కి అడగకూడదని మొదటి రోజే రాసుకోండి. స్నేహంగా ఉన్న రోజునే ఈ షరతులు రాసుకోవడం సులభం.


జవాబు: విశ్రాంత పశువైద్యుడు

కార్యదర్శి గారు చెప్పిన కోళ్ల వ్యర్థాల సంగతితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. కేంద్రం ఉన్న గ్రామంలో ముందు పని పూర్తిచేయాలన్న షరతు కూడా న్యాయమైనదే. నేను చెప్పిన వరసకు అది అడ్డం కూడా కాదు, ఎందుకంటే ఆ గ్రామం ఎలాగూ మధ్య భాగంలోనే ఉంది.

కేంద్రానికి స్థలం, గుర్తింపు, భవనం సమకూరడానికి చాలా కాలం పడుతుంది. ఆ లోపల ఊళ్లు కలిసి పనిచేయడం అలవాటు కావడానికి రేబిస్ టీకాలను ఉమ్మడిగా మొదలుపెట్టమని కోరుతున్నాను. దీనికి గూళ్లు అక్కరలేదు, శస్త్రచికిత్స గది అక్కరలేదు. వలలతో పట్టి, టీకా వేసి, రంగు గుర్తు పెట్టి, అక్కడికక్కడే వదిలేస్తారు. గోవాలో ఈ పని ఊరి హద్దులు చూడకుండా రాష్ట్రమంతటా ఒకే ప్రణాళికతో జరిగింది. వీధి వీధికీ తిరిగిన బృందాలు టీకా వేసిన ప్రతి కుక్క వివరాన్నీ మొబైల్ ఫోన్లో నమోదు చేస్తూ, నూటికి డెబ్బై కుక్కలకు టీకా అందేలా ఏటా తిరిగాయి. దానితో పాటు పాఠశాలల్లో పిల్లలకు అవగాహన కల్పించారు, అనుమానాస్పద కుక్కలపై నిఘా పెట్టారు. 2018 నుంచి కొన్నేళ్ల పాటు అక్కడ మనుషుల్లో రేబిస్ మరణం ఒక్కటి కూడా నమోదు కాలేదు. 2021లో రాష్ట్రాన్ని రేబిస్ నియంత్రిత ప్రాంతంగా ప్రకటించారు. ఒక పంచాయతీలో టీకాలు వేసి పక్క పంచాయతీని వదిలేసి ఉంటే ఈ ఫలితం వచ్చేది కాదు.

మీ మూడు పట్టణాలు, మధ్య పంచాయతీలు ఒకే వారంలో టీకాల కార్యక్రమం పెట్టుకుంటే, కుక్కల లెక్క కూడా అదే వారంలో తేలుతుంది. రంగు గుర్తు ఉన్నవెన్ని, లేనివెన్ని అని మరునాడు తిరిగి చూస్తే, మొత్తం సంఖ్య అంచనా వస్తుంది. ఎన్ని గూళ్లు కావాలో చెప్పడానికి ఆ అంచనాయే ఆధారం కావాలి. ఇప్పుడు మీ మూడు కౌన్సిళ్ల దగ్గర ఉన్న సంఖ్యలు వేర్వేరు కాలాల్లో, వేర్వేరు పద్ధతుల్లో తీసినవైతే, వాటిని కూడి టెండరు పిలవవద్దు.

సుప్రీంకోర్టు ఉత్తర్వు ప్రకారం బస్‌స్టాండు, ఆసుపత్రి, పాఠశాలల నుంచి తెచ్చి శాశ్వతంగా ఉంచవలసిన కుక్కల గురించి చివరగా చెబుతాను. ఆపరేషన్ కోసం తెచ్చిన కుక్క ఐదు రోజుల్లో గూడు ఖాళీ చేస్తుంది. శాశ్వతంగా ఉంచే కుక్క పదేళ్లు ఉండవచ్చు. రెండింటినీ ఒకే షెడ్డులో, ఒకే బడ్జెట్టులో పెడితే, మొదటి ఏడాది ముగిసేసరికి శాశ్వత కుక్కలే గూళ్లన్నీ నింపేస్తాయి, ఆపరేషన్లు ఆగిపోతాయి. అవి నిండిన తరువాత ఎవరూ ఏమీ చేయలేరు. అందువల్ల ఆశ్రయానికి వేరే ఆవరణ, వేరే తిండి ఖర్చు, వేరే మనుషులు ఉండేలా ఇప్పుడే విడదీయండి. గూళ్లలో బంధించడం కాకుండా, కంచె వేసిన విశాలమైన స్థలంలో కలిసి మసలే కుక్కలను చిన్న గుంపులుగా ఉంచగలిగితే వాటికీ సుఖం, చూసుకునేవాళ్లకూ సుఖం. స్థలం కోసం కలెక్టరు గారికి అర్జీ పెట్టడానికి ముందు, మూడు పట్టణాల్లోని బస్‌స్టాండ్లు, ఆసుపత్రులు, పాఠశాలల ఆవరణల్లో ప్రస్తుతం ఎన్ని కుక్కలు ఉంటున్నాయో, ప్రహరీ గోడ, గేటు బాగుచేస్తే బయటి కుక్కలు ఎన్ని కొత్తగా లోపలికి రాకుండా ఆగుతాయో శానిటరీ ఇన్‌స్పెక్టర్ల చేత రాయించుకోండి. అడగవలసిన స్థలం ఎన్ని సెంట్లో, ఎన్ని ఎకరాలో ఆ కాగితమే చెబుతుంది.